పాతకాలపు సూక్ష్మజీవులు మేల్కొంటే మనకు ముప్పు ఉందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

సైబీరియా మంచునేల, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల, కరుగుతోందని, అందులోంచి వేల ఏళ్ల నాటి వైరస్‌లు బయటపడుతున్నాయని వస్తున్న వార్తలపై ఈసారి వరంగల్, హనుమకొండ, భూపాలపల్లి, కరీంనగర్, మహబూబాబాద్ ప్రాంతాల పాఠకులు ఉత్తరాలు రాశారు. భయం ఒక్కటే అయినా ఎవరి ప్రశ్న వారి బతుకులోంచి వచ్చింది కనుక వాటిని కలిపివేయకుండా విడివిడిగానే తీసుకున్నాను.

ప్రశ్న: నేను హనుమకొండలో ఇంటర్మీడియెట్ విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తాను. 48 వేల ఏళ్ల నాటి వైరస్‌ను శాస్త్రవేత్తలు తిరిగి బతికించారన్న వార్త చూసి మా పిల్లలు తరగతిలో ఒక వాదన లేవదీశారు. మన శరీరం ఆ వైరస్‌ను ఎన్నడూ చూడలేదు కాబట్టి ఎదుర్కొనే శక్తి మనకు ఉండదని, అది బయటపడితే మనుషులెవరూ మిగలరని వారు అంటున్నారు. పరిణామ సిద్ధాంతం ముందు ఈ వాదన నిలుస్తుందా?

జవాబు: మీ విద్యార్థుల వాదనలో సగం బలముంది, ఆ సగాన్ని తోసిపుచ్చకుండానే మిగతా సగం ఎందుకు నిలవదో చెప్పాలి.

ముందుగా అసలు జరిగిందేమిటో చూద్దాం. ఫ్రాన్సులోని ఎక్స్-మార్సే విశ్వవిద్యాలయానికి చెందిన జాన్-మిషెల్ క్లావరీ, షాంటాల్ అబెర్జెల్ బృందం 2014లో 30 వేల ఏళ్ల నాటి సైబీరియా మంచునేల నుంచి పిథోవైరస్‌ను వెలికితీసింది. 2023లో అదే బృందం మరికొన్ని వైరస్‌లను ప్రకటించింది. వాటిలో అతి పాతది యకూతియా ప్రాంతంలో ఒక సరస్సు అడుగుకు 16 మీటర్ల కింద దొరికిన పాండోరావైరస్, దాని వయస్సు 48,500 ఏళ్లు. ఇవన్నీ అమీబాలకు మాత్రమే సోకుతాయి. మనుషులకు హాని జరగకూడదన్న జాగ్రత్తతోనే ఆ శాస్త్రవేత్తలు అమీబాను ఎరగా ఎంచుకున్నారు. అమీబాను ఎరగా వేస్తే అమీబా వైరస్‌లే పడతాయి. కనుక ఈ పరిశోధన రుజువు చేసింది ఒక్కటే: అంతకాలం గడ్డకట్టి ఉన్న వైరస్ కూడా సోకే శక్తిని నిలుపుకోగలదు. మనిషికి సోకే వైరస్‌లు ఆ మంచులో ఉన్నాయనీ అది చెప్పదు, లేవనీ చెప్పదు.

ఇక పరిణామం సంగతి. వ్యాధికారక క్రిమి, దానికి ఆశ్రయమిచ్చే జీవి, అంటే అతిథేయి, ఒకదాని మార్పును బట్టి మరొకటి మారుతూ వస్తాయి. అతిథేయి కొత్త రక్షణను సంపాదిస్తే, ఆ రక్షణను దాటగలిగిన క్రిములే సంతతిని పెంచుకుంటాయి. వాటిని తట్టుకున్న అతిథేయులే తరువాతి తరానికి మిగులుతాయి. ఆగిన పక్షం అంతరిస్తుంది కనుక ఇద్దరూ ఉన్నచోట ఉండటానికే నిరంతరం మారుతూ ఉండాలని అమెరికా జీవశాస్త్రజ్ఞుడు లీ వాన్ వేలన్ 1973లో ప్రతిపాదించారు. దీనిని రెడ్ క్వీన్ సిద్ధాంతం అంటారు. గడ్డకట్టిన వైరస్‌కు సంతానం లేదు, సంతానం లేనప్పుడు ప్రకృతి వరణం లేదు. అది నిద్రలోకి జారిననాటి అతిథేయికి సరిపోయే పనిముట్లే దాని దగ్గర ఉంటాయి. మీ పిల్లలు మన శరీరం ఆ వైరస్‌ను చూడలేదని గుర్తించారు కాని, ఆ వైరస్ కూడా మన శరీరాన్ని చూడలేదన్న రెండవ భాగాన్ని వదిలివేశారు. కణం ఉపరితలం మీద ఉన్న గ్రాహకానికి అతుక్కోవడం, లోపలికి చొరబడటం, 37 డిగ్రీల వేడిలో వృద్ధి చెందడం, మొదటి అంచె రోగనిరోధక శక్తిని తప్పించుకోవడం, ఆపై ఒకరి నుంచి మరొకరికి వ్యాపించడం, వీటిలో ఏ ఒక్కటి చేతకాకపోయినా ఆ క్రిమి కథ ఒక మనిషితోనే ముగుస్తుంది.

పాతదైతే బలమైనదన్న ఊహకు ప్లేగు చరిత్రే మంచి సమాధానం. ఐదు వేల ఏళ్ల నాటి మనుషుల దంతాల నుంచి ప్లేగు బాక్టీరియా డీఎన్ఏను తీసి చదివారు. ఎలుకల ఒంటి మీద రక్తం పీల్చే చిన్న కీటకమైన ఈగుపురుగు కడుపులో బతకడానికి కావలసిన ఒక ముఖ్యమైన జన్యువు ఆనాటి రకాలలో లేదు. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి నమూనాల నుంచి అది కనబడుతుంది. ఎలుకల మీది ఈగుపురుగుల ద్వారా ఊళ్లకు ఊళ్లను ఊడ్చివేసిన ప్లేగు ఆ తరువాత రూపుదిద్దుకున్నది.

ఇప్పుడు మీ విద్యార్థుల వైపు నిలబడి మాట్లాడతాను. పరిచయం లేని వైరస్ కొన్నిసార్లు నిజంగానే ఘోరం చేస్తుంది. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ల బెడదను తగ్గించడానికి దక్షిణ అమెరికా కుందేళ్లలో ఉండే మిక్సోమా వైరస్‌ను వదిలినప్పుడు, మొదట్లో అది సోకిన కుందేళ్లలో 99 శాతానికి పైగా చనిపోయాయి. సొంత అతిథేయిలో ఆ వైరస్ కలిగించేది చిన్న కంతి మాత్రమే. అయితే రెండూ కుందేలు కుటుంబానికి చెందినవే. దగ్గరి బంధువు నుంచి వచ్చిన క్రిమికి మన శరీరపు గుట్టు సగం తెలిసే ఉంటుంది, అమీబా నుంచి వచ్చినదానికి తెలియదు. కనుక పిల్లలు అడగవలసింది ఆ వైరస్ ఎంత పాతదని కాదు, అది చివరిసారిగా ఏ జీవిలో బతికిందని. మంచులో గడ్డకట్టిన మనుషులు, ఇతర క్షీరదాల కళేబరాల పట్ల పరిశోధకులు మరింత జాగ్రత్త చూపేది ఇందుకే.

అక్కడ కూడా అనుభవం కొంత ధైర్యమే ఇస్తున్నది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే చిన్న పల్లెలో 72 మంది చనిపోగా వారిని గడ్డకట్టిన నేలలో పూడ్చారు. 1951లో యోహాన్ హల్టిన్ అనే శాస్త్రవేత్త ఆ సమాధుల నుంచి ఊపిరితిత్తుల నమూనాలు తీసి వైరస్‌ను పెంచడానికి ఎంతో ప్రయత్నించినా ఒక్క సజీవ కణం కూడా దొరకలేదు. గడిచింది కేవలం 33 ఏళ్లు. 1997లో ఆయన మళ్లీ వెళ్లి తెచ్చిన నమూనాలలో దొరికినవి వైరస్ జన్యుపదార్థపు తునకలే. వాటి ఆధారంగా 2005లో ప్రయోగశాలలో ఆ వైరస్‌ను తిరిగి నిర్మించగలిగారు. ఇన్‌ఫ్లుయెంజా వంటి ఆర్ఎన్ఏ వైరస్‌లు పెళుసువి, పైన చెప్పిన పిథోవైరస్, పాండోరావైరస్ వంటి పెద్ద డీఎన్ఏ వైరస్‌లు గట్టివి. వార్తల్లో ఈ తేడా కనబడదు.

ముప్పు సున్నా అని మాత్రం నేను రాయను. 2023లో కొందరు శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో కృత్రిమ జీవసమాజాలను పెంచి, పాత తరాల పరాన్నజీవులను వాటిలోకి వదిలి చూశారు. అత్యధికం పెద్దగా ప్రభావం చూపలేదు కాని, సుమారు ఒక శాతం ఆ సమాజాన్ని గట్టిగా దెబ్బతీశాయి. కంప్యూటర్‌లోని జీవులు నిజమైన జీవులు కావు, ఆ ఒక శాతాన్ని తెచ్చి మన లోకానికి అంటించలేము. అయినా అరుదైనది అసంభవం కాదని అది గుర్తుచేస్తుంది. నా అంచనా అడిగితే, గబ్బిలాలలోను, కోళ్లలోను, పందులలోను ఈ రోజు కోట్లాదిగా తిరుగుతూ రోజూ మనుషులను తాకుతున్న వైరస్‌లకు ఉన్న అవకాశాలతో పోలిస్తే, మంచులోంచి ఒకసారి బయటపడి ఎండకు ఎండిపోయే వైరస్‌కు ఉన్న అవకాశం చాలా చిన్నది.

ప్రశ్న: భద్రకాళి చెరువు పూడిక మట్టిని పొలంలో వేసుకోవాలని అనుకుంటున్నాను. అది కాకతీయుల నాటి చెరువు కదా, అడుగు మట్టిలో ఆ కాలపు రోగాలు దాగి ఉంటాయని మా వాడకట్టులో ఒకరు భయపెట్టారు. నిజమేనా? – ఒక రైతు, వరంగల్

జవాబు: చెరువు అడుగు మట్టి కాలాన్ని పొరలు పొరలుగా దాచుకుంటుందన్న మాట నిజం. మీ ప్రశ్న వంటిదాన్నే బెల్జియంలో ఒక చెరువు దగ్గర శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ అడుగు మట్టిలో డాఫ్నియా అనే చిన్న నీటిజీవి గుడ్లు, దానికి రోగం తెచ్చే ఒక బాక్టీరియా సిద్ధబీజాలు, అంటే గట్టి పొరలో నిద్రపోయే దాని రూపాలు, పొరపొరకూ నిద్రావస్థలో ఉన్నాయి. వేర్వేరు పొరల గుడ్లను పొదిగించి, తమ కాలపు బాక్టీరియాతోను, అంతకు ముందరి కాలపు దానితోను, ఆ తరువాతి కాలపు దానితోను కలిపి చూశారు. తమ కాలపు బాక్టీరియాయే వాటికి ఎక్కువగా సోకింది, పాతది అంతగా సోకలేదు. 2007లో ప్రచురితమైన ఈ పరిశోధన, పైన చెప్పిన రెడ్ క్వీన్ సిద్ధాంతాన్ని ఒక చెరువు బురదలో కళ్లకు కట్టింది.

మన చెరువుల సంగతి ఇంకా వేరు. ఇక్కడి మట్టి గడ్డకట్టదు, ఎండాకాలం కాగుతుంది, వానాకాలం నానుతుంది. మనుషులకు సోకే వైరస్ అటువంటి చోట వందల ఏళ్లు నిలవదు. కాకతీయుల కాలం గురించి కాక, ఇటీవలి ఏళ్లలో చెరువులోకి చేరిన మురుగునీటి గురించి ఆలోచించండి. మట్టి పరీక్ష చేయించుకుని, భార లోహాలు లేవని తెలుసుకుని వేసుకోవడం మంచిది. తడి పూడికలో దిగేటప్పుడు కాళ్లకు బూట్లు వేసుకోవాలి, పుండ్లు ఉంటే కట్టు కట్టుకోవాలి. ఎలుకల మూత్రం ద్వారా నీటిలో చేరే లెప్టోస్పైరా అనే బాక్టీరియా, ఏ మట్టిలోనైనా ఉండగల ధనుర్వాతపు సిద్ధబీజాలు, ఈ రెండూ నేటి ప్రమాదాలే. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.

ప్రశ్న: నేను భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేస్తాను. మేము తవ్వే బొగ్గు కోట్ల ఏళ్ల నాటిది. దానితోపాటు ఆనాటి సూక్ష్మజీవులు కూడా పైకి వస్తాయా?

జవాబు: రావు. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ యుగానిది, 25 కోట్ల ఏళ్లకు పైబడినది. బొగ్గుగా మారే క్రమంలో అది వేడినీ ఒత్తిడినీ చవిచూసింది. ఇప్పటి వరకు మనిషి చదవగలిగిన అతి పాత డీఎన్ఏ ఉత్తర గ్రీన్‌లాండ్ మట్టిలో దొరికిన 20 లక్షల ఏళ్ల నాటిది, అదీ తునకలుగానే. న్యూమెక్సికోలోని ఉప్పు స్ఫటికంలో 25 కోట్ల ఏళ్ల నాటి బాక్టీరియాను బతికించామని 2000లో ఒక ప్రకటన వచ్చింది కాని, అది ఇటీవలి బాక్టీరియా చొరబడటం వల్ల కలిగిన పొరపాటు కావచ్చునన్న అభ్యంతరం నేటికీ తీరలేదు. దక్షిణ పసిఫిక్ సముద్రగర్భంలో 10 కోట్ల ఏళ్ల కిందట పేరుకున్న మట్టి నుంచి బాక్టీరియాను జపాన్ శాస్త్రవేత్తలు మేల్కొలిపిన మాట మాత్రం నిజం, అది 2020లో ప్రచురితమైంది. ఆకలితో అణగి ఉన్న ఆ సముద్రపు బాక్టీరియాకు జంతు శరీరంతో సంబంధమే లేదు. గనిలో మీ ఆరోగ్యానికి హాని చేసేది బొగ్గు ధూళి. ఊపిరితిత్తుల పరీక్షలను వాయిదా వేయకండి.

ప్రశ్న: సైబీరియాలో మంచు కరిగి ఆంత్రాక్స్ వచ్చిందని చదివాను. మా దుగ్గొండి మండలంలో 2021లో గొర్లు అదే రోగంతో చచ్చిపోయాయి. మా నాన్న దానిని దొమ్మ అంటాడు. మంచు లేని మా దగ్గరికి అది ఎట్లా వచ్చింది? – గొర్ల పెంపకందారు కుమారుడు, నర్సంపేట

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసినది మీ ఉత్తరమే. ఎందుకంటే పైన నేను చెప్పిన నియమానికి ఆంత్రాక్స్ మినహాయింపు.

2016 వేసవిలో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో ఎండలు అసాధారణంగా పెరిగి మంచునేల పైపొర లోతుగా కరిగింది. 1941 తరువాత అక్కడ కనబడని ఆంత్రాక్స్ తిరిగి లేచింది. రెండు వేలకు పైగా ధ్రువపు జింకలు చనిపోయాయి, 12 ఏళ్ల బాలుడు ప్రాణం కోల్పోయాడు. కరిగిన మంచు ఒక్కటే కారణం కాదు. రోగం మళ్లీ రాదన్న ధీమాతో ఆ జింకలకు టీకాలు వేయడం 2007లో ఆపివేశారు.

ఈ బాక్టీరియా గాలి తగిలితే సిద్ధబీజంగా మారి మట్టిలో దశాబ్దాల పాటు నిద్రపోతుంది. అందుకు మంచు అక్కరలేదు. 1942లో బ్రిటన్ సైన్యం గ్రూయినార్డ్ అనే చిన్న ద్వీపంలో గొర్రెల మీద ఆంత్రాక్స్‌ను పరీక్షించింది. 1986లో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాన్ని చల్లి నేలను శుద్ధి చేసి, 1990లో గాని ఆ ద్వీపం సురక్షితమని ప్రకటించలేకపోయారు. నిద్రలో ఉన్నంతకాలం సంతతి లేదు కనుక మార్పు కూడా లేదు. అందుకే ప్రపంచంలో ఏ మూల నుంచి తెచ్చిన ఆంత్రాక్స్ బాక్టీరియా అయినా జన్యుపరంగా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. మరి మారకుండా ఎట్లా నెగ్గుకొస్తుంది? అది ఒక జంతువు నుంచి మరొక జంతువుకు నేరుగా అంటుకుంటూ బతికే క్రిమి కాదు. మేత మేసే ఏ జంతువుకైనా సోకగలదు, సోకితే త్వరగా చంపుతుంది, ఆ కళేబరం నుంచి మట్టిలోకి చేరి మళ్లీ కాచుకుని కూర్చుంటుంది. పాతబడినందువల్ల నష్టపోని అరుదైన క్రిమి అది. పాతకాలపు సూక్ష్మజీవి మనల్ని దెబ్బతీసిన ఉదాహరణ కావాలంటే సైబీరియా దాకా పోనవసరం లేదు, మీ మండలంలోనే ఉంది.

మందలో గొర్రె హఠాత్తుగా పడిపోయి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే దానిని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. కోయని కళేబరంలో కుళ్లు మొదలయ్యేసరికి లోపలి బాక్టీరియా చాలావరకు నశిస్తుంది. కోస్తే గాలి తగిలి లెక్కలేనన్ని సిద్ధబీజాలు తయారై ఆ నేలను ఏళ్ల తరబడి పాడుచేస్తాయి. పశువైద్యుడిని పిలిచి, ఆయన చెప్పిన పద్ధతిలో లోతుగా పూడ్చాలి. ఒకసారి రోగం కనబడిన ఊళ్లలో ఏటేటా టీకా వేయించాలి. చచ్చిన గొర్రెను ముట్టుకున్నవారి చేతి మీద నొప్పిలేని, నడుమ నల్లబడిన పుండు లేస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తొలిదశలో ఆంటీబయాటిక్‌తో అది నయమవుతుంది. రోగంతో చచ్చిన గొర్రెను నష్టం పూడుతుందని కోసి అమ్ముకోవాలనిపించే పేదరికం నాకు తెలుసు, అయినా ఆ ఒక్క పని చేయవద్దని మీ నాన్నగారికి, తోటి కాపరులకు చెప్పండి.

ప్రశ్న: మా అమ్మమ్మ ముఖం మీద మశూచి మచ్చలు ఉండేవి. ఆ రోజుల్లో చనిపోయినవారిని పూడ్చిన చోట తవ్వితే రోగం తిరిగి వస్తుందా? ఇప్పటి పిల్లలకు ఆ టీకా లేదు కదా. – ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: మీ చివరి వాక్యంలోనే అసలు విషయం ఉంది. మరీ పాత క్రిమికి మన శరీరం తెలియదు, నేటి క్రిమికి మన రోగనిరోధక శక్తి తెలుసు. మన శరీరంలో బతకడం బాగా తెలిసి ఉండి, మనం మాత్రం మరచిపోయిన క్రిములే ఈ రెండింటి నడుమ ప్రమాదకరమైనవి. 1957లో కనుమరుగైన ఒక ఇన్‌ఫ్లుయెంజా రకం 1977లో ఇంచుమించు ఏ మార్పూ లేకుండా తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్లు అది ప్రకృతిలో తిరిగి ఉంటే అట్లా ఉండదు కనుక, ప్రయోగశాలలోనో టీకా పరీక్షలలోనో నిలవ ఉంచినది బయటపడిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అది ఎక్కువగా పట్టుకున్నది పాతికేళ్ల లోపు వారినే. పెద్దవారి శరీరాలకు అది గుర్తుంది.

మశూచి కూడా ఆ కోవకే చెందుతుంది. మన దేశంలో చివరి కేసు 1975లో నమోదైంది, 1980లో ప్రపంచం నుంచే నిర్మూలన అయినట్లు ప్రకటించారు. కాని మీరు భయపడుతున్నట్లు పాత సమాధుల నుంచి సజీవ వైరస్ ఇంతవరకు ఎక్కడా రాలేదు. సైబీరియాలో మంచులో ఉన్న 300 ఏళ్ల నాటి మమ్మీలలో సైతం డీఎన్ఏ తునకలే దొరికాయి. మన ఎర్రనేలల వేడిలో ఆ మాత్రం కూడా మిగలదు. సజీవ వైరస్ అధికారికంగా ఉన్నది అమెరికాలోని అట్లాంటాలోను, రష్యాలోని కోల్త్సోవోలోను, రెండే ప్రయోగశాలలలో. అవసరం పడితే వాడటానికి టీకా నిల్వలు కూడా ఉన్నాయి.

ప్రశ్న: నేను మహబూబాబాద్‌లో మందుల దుకాణం నడుపుతున్నాను. మందులకు లొంగని బాక్టీరియా వేల ఏళ్ల కిందటే ఉందని విన్నాను. అట్లయితే ఆంటీబయాటిక్ రెండు గోలీలు చేతికిచ్చినంత మాత్రాన మేము చేసే తప్పేమిటి?

జవాబు: మీరు విన్నది నిజమే. కెనడాలోని డాసన్ దగ్గర 30 వేల ఏళ్ల నాటి మంచునేలలో పెన్సిలిన్ వర్గపు మందులను, టెట్రాసైక్లిన్‌ను, వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువులు దొరికినట్లు 2011లో ప్రచురించారు. న్యూమెక్సికోలో 40 లక్షల ఏళ్లుగా బయటి ప్రపంచంతో సంబంధం లేని లెచుగుయా గుహలోని బాక్టీరియా నేటి మందులలో ఎన్నింటినో తట్టుకుంది. ఆంటీబయాటిక్‌లను మొదట తయారుచేసింది మట్టిలోని బూజులు, బాక్టీరియాలే కనుక, వాటి పొరుగున బతికే బాక్టీరియా ఎప్పుడో తన రక్షణను సమకూర్చుకుంది. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గమనించిన 1928 ఆ చరిత్రలో నిన్నటి మాట.

అయితే బాక్టీరియా తన జన్యువులను బంధుత్వం లేని మరొక జాతికి కూడా అందించగలదు. పాత బాక్టీరియా మనిషికి సోకలేకపోవచ్చు, దాని జన్యువు మాత్రం సోకగలిగిన బాక్టీరియాను చేరవచ్చు. పాతకాలపు సూక్ష్మలోకం నుంచి మనకు నిజంగా అందుతున్నది ఇదే. ఆ జన్యువు మట్టిలో అరుదుగా ఉండి ఊరుకుంటుందా, లేక రోగి పేగులో కోట్లకు పెరుగుతుందా అన్నది మాత్రం మందు వాడకం నిర్ణయిస్తుంది. మోతాదు చాలని రెండు గోలీలతో లొంగే బాక్టీరియా చచ్చి, లొంగనిది మిగిలి, ఖాళీ అయిన చోటును ఆక్రమిస్తుంది. జలుబుకు, వైరస్ జ్వరానికి ఇస్తే రోగం మీద పనిచేయదు కాని ఈ ఎంపిక మాత్రం జరిగిపోతుంది. 2014 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే ఔషధ నిబంధనల జాబితా కింద మూడవ, నాలుగవ తరం సెఫలోస్పోరిన్‌లు, కార్బపెనెమ్‌ల వంటి మందులను డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి.